చింక్వే తెర్రే కొండదారుల్లో నడిచే ముందు

చింక్వే తెర్రే అంటే ఇటలీ సముద్రతీరంలో కొండల అంచున ఉన్న ఐదు ఊళ్లు. ముందు కాళ్లకేం వేసుకున్నారో చూసుకోండి. హవాయి చెప్పులతో దారి ఎక్కితే జరిమానా పడొచ్చు, పడాల్సిందే కూడా. ఆ ఊళ్లలో మొంతెరోస్సో నుంచి వెర్నాజ్జా దాకా రాతిమెట్లు ఎగుడుదిగుడుగా, కొన్నిచోట్ల ఒక్క మనిషి పట్టేంత ఇరుకుగా ఉంటాయి. ఎదురు ఎవరైనా వస్తే కొండవైపు ఒదిగి నిలబడండి. ద్రాక్షతోటల గోడలు సున్నం లేకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టినవి. ఫొటో కోసం వాటి మీదికి ఎక్కొద్దు, దయచేసి.

- బయల్దేరే రోజు పొద్దున్నే నేషనల్ పార్క్ వెబ్‌సైట్ చూడండి. వాన హెచ్చరిక ఉంటే దారులు మూసేస్తారు. 2011 అక్టోబర్ 25న వరద, బురద వెర్నాజ్జాను ముంచెత్తాయి. మూసిన దారిలో అడుగు పెట్టొద్దు.
- మొంతెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీల్యా దారికి చింక్వే తెర్రే కార్డు (డబ్బు కట్టి కొనే పాస్) ఉండాలి.
- నీళ్లు, టోపీ.
- కోర్నీల్యా స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మినీ బస్సు ఎక్కించండి.
- మధ్యలో ఓపిక అయిపోతే మొండికేయొద్దు. తర్వాతి ఊరు చేరగానే రైలెక్కండి, ఊరికీ ఊరికీ నాలుగైదు నిమిషాలే.