ఉద్యోగం పోయిన సంగతి: మెడికల్ దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

నెల్లూరు, కావలి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు అక్కడి మెడికల్ కాలేజీలకు ఆమ్‌కాస్ (చాలా కాలేజీలకు కలిపి ఒకేచోట పంపే ఆన్‌లైన్ దరఖాస్తు) నింపే ముందు, ఎప్పుడైనా ఉద్యోగంలోంచి తొలగించి ఉంటే అప్పుడు ఇచ్చిన ఉత్తరాన్ని బయటికి తీసి, అందులోని తేదీనీ కారణాన్నీ నింపాదిగా చదువుకోవాలి.

పని అనుభవాల విభాగంలో 15 అంశాల వరకే చోటుంది కనుక ఆ ఉద్యోగాన్ని చేర్చాలో వద్దో ఆలోచించుకోవచ్చు. చేర్చితే మాత్రం, దాన్ని ధ్రువీకరించగల వ్యక్తి వివరాలు ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి ఆయనతో ముందే మాట్లాడుకోవాలి. చదివిన కాలేజీ మీపై ఏదైనా చర్య తీసుకుందా అని దరఖాస్తులో అడిగే ప్రశ్న బయటి ఉద్యోగాలకు వర్తించదు. ఏ కాలేజీ అయినా తొలగింపు గురించి విడిగా అడిగితే దాచకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లు పరువుకోసం బంధువులతో "మావాడే మానేశాడు" అని ఉండవచ్చు, అది సహజమే కానీ, ఆ మాటను దరఖాస్తులోకి రానివ్వకూడదు. కారణం అడిగిన చోట, ఉదాహరణకు "నైట్ షిఫ్టుకు మూడుసార్లు ఆలస్యంగా వెళ్లాను" అని సూటిగా రాసి, తరువాతి పనిలో ఏం మార్చుకున్నారో చెప్పాలి.