పక్కకు పడిపోయిన వీడియోను నిలబెట్టే ముందు

పక్కకు తిరిగి కనిపించే వీడియోను సరిచేయాలంటే, ముందు ఫైలుకు ఒక నకలు తీసి, పని ఆ నకలు మీదే చేయండి. పసిపిల్లల తొలి అడుగుల వంటి దృశ్యాన్ని మళ్లీ తీయలేం. అసలు ఫైలు జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి.

తిప్పే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే భద్రపరుస్తాయి. ‘చూపేటప్పుడు 90 డిగ్రీలు తిప్పాలి’ అనే సూచనను మాత్రం ఫైలులో రాసి ఉంచుతాయి. ఆ సూచనను పట్టించుకోని ప్లేయర్‌లో మనుషులు పక్కకు పడుకుని కనిపిస్తారు. అందుకే వీడియోను రెండు మూడు ప్లేయర్లలో చూడండి. ఒకదానిలో నిటారుగా ఉంటే ఫైలు బాగానే ఉన్నట్టు. అన్నిటిలోనూ పక్కకే ఉంటే సూచనే తప్పుగా పడి ఉండవచ్చు. ఫోన్‌ను నేలవైపు వంచి తీసినప్పుడు ఇది తరచూ జరుగుతుంది, ఎందుకంటే ఏది పైవైపో ఫోన్‌కు అంతుపట్టదు. అప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌తో ఆ సూచన ఒక్కటే మార్చవచ్చు. బొమ్మ మళ్లీ ఎన్‌కోడ్ కాదు, అంటే కొత్తగా కుదించి రాయడం జరగదు కాబట్టి నాణ్యత ఏమాత్రం తగ్గదు. నాకు అన్నిటికంటే నచ్చే మార్గం ఇదే.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఎఫెక్టుల కింద తిప్పితే మారేది మీ తెర మీది బొమ్మే, ఫైలు కాదు. అది చూసి పని అయిపోయిందనుకుని ఎవరికీ పంపకండి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే తిప్పవలసి వస్తే కొలతలు మరవకండి. 1920×1080 (వెడల్పు × ఎత్తు, పిక్సెళ్లలో) బొమ్మ తిరిగాక 1080×1920 అవుతుంది. ప్రాజెక్టు కొలతను కూడా అలాగే మార్చాలి. మార్చకపోతే నిలువు బొమ్మ వెడల్పాటి చట్రం మధ్యలో సుమారు 608 పిక్సెళ్ల పట్టీగా మిగులుతుంది. చట్రం నిండేలా పెద్దది చేస్తే దాదాపు మూడింట రెండు వంతుల బొమ్మ కోతకు పోతుంది. తలలు తెగిపోవడం కంటే ఇరువైపులా నల్లని ఖాళీ ఉండడమే నయం.

‘రొటేట్’ బదులు ‘ఫ్లిప్’ నొక్కితే అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారవుతుంది. దృశ్యంలో ఎక్కడైనా అక్షరాలుంటే వాటిని చదివి చూడండి. ఉపశీర్షికలను వీడియో తిప్పిన తర్వాతే చేర్చండి.

ఎగుమతి ఒక్కసారే, మంచి బిట్‌రేటుతో (సెకనుకు వాడే డేటా పరిమాణం) చేయండి. కొత్త ఫైలును చివరి నిమిషం దాకా ఆడించండి. చాలా ఫోన్ వీడియోల ఫ్రేమ్ రేటు (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉండదు. అందువల్ల మొదట్లో సరిగా ఉన్న ధ్వని పోనుపోను పెదవుల కదలికకు దూరం కావచ్చు. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ సరిచూసుకునే దాకా అసలు ఫైలును తొలగించకండి.