నలుపు తెలుపు దెయ్యం సినిమా ఎలా చూడాలి?

ముందు గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. టీవీ బ్రైట్‌నెస్ మాత్రం పెంచకండి. మొదటిసారి నేను అదే చేసి, చిక్కటి నీడలన్నిటినీ బూడిదరంగు మరకలు చేసుకున్నాను.

మొదలుపెట్టడానికి 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ మంచిది. నిడివి గంటంపావు కూడా ఉండదు. రాత్రి వీధిలో ఒకామె ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకొకరి చెప్పుల టకటక. సంగీతం ఉండదు. ఆ టకటక ఆగిపోగానే చెవులు రిక్కించండి. ఉన్నట్టుండి బుస్సుమని చప్పుడు... తీరా చూస్తే వచ్చి ఆగిన బస్సు! తెలిసీ ప్రతిసారీ ఉలిక్కిపడతాను.

తర్వాత 1922 నాటి రక్తపిశాచి సినిమా ‘నొస్ఫెరాటు’. మూకీయే కదా అని స్పీడ్ పెంచొద్దు. ఆ పిశాచి మేకప్ చూసి నవ్వొస్తే నవ్వేయండి, నాకూ వస్తుంది. మెట్ల దగ్గర మాత్రం గోడ మీది దాని నీడనే చూడండి, ముఖ్యంగా ఆ వేళ్లు.