పెళ్లి రంగులు ఎక్కడ తేడా కొడుతున్నాయి?

పెళ్లికి రంగులు ఎంచుకోవడం మొదటి రెండు రోజులూ సరదాగానే ఉంటుంది. మూడో రోజు నుంచి ఫిర్యాదులు మొదలవుతాయి. ఫోన్‌లో చూసింది ఇది కాదు, కొన్నప్పుడు ఇలా లేదు, పక్కన పెడితే ఏదోలా ఉంది. వెంటనే అందరూ రంగునే మార్చేద్దామంటారు. నేను చూసినంతవరకు నిజంగా రంగు మార్చాల్సి వచ్చింది తక్కువే. చాలాసార్లు అసలు దొంగ వెలుతురు, లేదంటే పక్కనున్న ఇంకో రంగు. కిందివి వరసగా చదవక్కర్లేదు. మీ ఫిర్యాదు ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లండి.

షాపులో కలిశాయి, హాల్లో విడిపోయాయి

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. స్టేజి వెనక కట్టే పరదా, కుర్చీలకు కట్టే రిబ్బను షాపులో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే వంకాయ రంగు. హాల్లో సాయంత్రం చూస్తే ఒకటి వంకాయ, ఇంకోటి కాఫీపొడి రంగు. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. ఆ రెండు గుడ్డలకు వాడిన అద్దకాలు వేరు. ఒక రకం వెలుతురులో ఒకేలా కనిపించే అద్దకాలు ఇంకో రకం వెలుతురులో వేరుపడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు.

అద్దకం ఒకటే అయినా వెలుతురు ఊరుకోదు. వెలుతురు ఛాయను కెల్విన్‌లలో చెప్తారు, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపెక్కుతుంది. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500 కెల్విన్ ఉంటే, హాళ్లలో పెట్టే పసుపు ఛాయ బల్బులు 2700 నుంచి 3000 దాకా ఉంటాయి. ఆ వెలుతురులో నీలి భాగం తక్కువ. అందుకే నేవీ బ్లూ నల్లగా, లావెండర్ బూడిదలా కనిపిస్తాయి. ఎరుపు, నారింజ, బంగారు రంగులు మాత్రం మరింత కళకళలాడతాయి. చవక ఎల్‌ఈడీలతో బాధ ఇంకోలా ఉంటుంది. చాలావాటిలో ముదురు ఎరుపు వెలుతురు తక్కువగా ఉంటుంది కాబట్టి మెరూన్ ఇటుక రంగులోకి దిగిపోతుంది.

ఏం చేయాలి? శాంపిల్ ముక్కలు పట్టుకుని, పెళ్లి జరిగే వేళకే హాలుకు వెళ్లి, అక్కడి లైట్లన్నీ వేయించి చూడండి. అది కుదరకపోతే ఇంట్లోనే పగలు కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి పసుపు బల్బు కింద ఒకసారి, తెల్ల ట్యూబ్‌లైటు కింద ఇంకోసారి చూడండి. మూడు చోట్లా కలిస్తేనే కొనండి. గుడ్డ ఇప్పటికే కొనేశారా? అయితే గుడ్డ జోలికి పోకుండా లైట్లు మార్చండి. లైటింగ్ వాళ్లను సీఆర్ఐ 90 దాటిన లైట్లు అడగండి. రంగుల్ని ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే ఆ లెక్కలో గరిష్ఠం 100. అదీ కుదరకపోతే తేడా వచ్చిన రెండు గుడ్డల మధ్య మీగడ రంగు గుడ్డో, గుబురుగా పచ్చని ఆకులో పెట్టించండి. పక్కపక్కన లేకపోతే కన్ను వాటిని అంత సులువుగా పోల్చలేదు.

పెళ్లి ఆరుబయట, అదీ సాయంత్రం అయితే ఇంకొక మాట. వెలుతురు సన్నగిల్లేకొద్దీ మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడుతుంది, నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలబడతాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1819లోనే దీన్ని గమనించాడు. ఎర్ర పూల అలంకరణంతా చీకటి గుట్టలా మిగలకూడదనుకుంటే దాని మీద విడిగా లైటు పడేలా చూసుకోవాలి.

విడిగా బాగుంది, పక్కన పెడితే మాసినట్టుంది

పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకాల విభాగం బాధ్యతలు చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకూ ఇదే ఫిర్యాదు వచ్చింది. నల్ల నూలు నల్లగా లేదు, వెలిసినట్టుందని. ఆయన పరీక్షిస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. నీలం, ఊదా పోగుల పక్కన నేయడం వల్ల నలుపు అలా కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగుల్లో ఒక్కోటీ రెండోదాన్ని తనకు వ్యతిరేకమైన రంగు వైపు నెడుతుందని 1839లో ఆయన వివరంగా రాశాడు.

పెళ్లిలో ఇది ఎక్కడ తగులుతుందంటే, పాలతెలుపు టేబుల్‌క్లాత్ మీద మీగడ రంగు పూలు పెట్టినప్పుడు. పూలు తాజావే అయినా వాడిపోయి పసుపెక్కినట్టు కనిపిస్తాయి. పైగా మిల్లు తెలుపు గుడ్డల్లో చాలావాటికి మెరుపు రసాయనం కలుపుతారు, అది నీలి ఛాయ విడుదల చేస్తుంది కాబట్టి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. తెలుపో, మీగడో, ఏదో ఒకటే పెట్టుకోండి. అలాగే నిండు ఎరుపు పరదా ముందు బూడిద రంగు సూటుకు లేత ఆకుపచ్చ ఛాయ వచ్చినట్టు అనిపిస్తుంది. సూటు మార్చేకంటే పరదాను ఒక మెట్టు తగ్గించి, గంధం రంగు వైపు జరపడం మేలు.

అడిగింది ఒకే షేడ్, వచ్చినవి పది షేడ్లు

పెళ్లికూతురి స్నేహితులందరికీ ఒకే రంగు బట్టలు అనుకున్నారు. తీరా చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో తీరు. విడివిడిగా కొన్నారా? అయితే కారణం అదే. అద్దకం ప్రతి విడతకూ కొంచెం మారుతుంది. ఒకే తానులోంచి, ఒకేసారి, కాస్త ఎక్కువే కత్తిరించి తెచ్చుకోవాలి.

ఒకేసారి కొన్నా తేడా వచ్చిందంటే గుడ్డ రకం చూడండి. అదే రంగు శాటిన్‌లో మెరుస్తుంది, కాటన్‌లో చదునుగా ఉంటుంది, వెల్వెట్‌లో ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. వెల్వెట్‌కు నూగు ఏ వైపు వాలి ఉందో దాన్ని బట్టి కూడా రంగు మారుతుంది కాబట్టి ముక్కలన్నీ ఒకే దిశలో కత్తిరించమని టైలర్‌కు ముందే చెప్పాలి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న పట్టు అయితే మనిషి కదిలినప్పుడల్లా రంగు మారుతుంది, దానికి జోడీ వెతకడం దండగ. నన్నడిగితే అచ్చంగా ఒకే షేడ్ మీద పట్టుబట్టడమే తప్పు. ఒకే రంగులో లేతవి, ముదురువి కావాలనే కలిపేస్తే ఎవరూ తేడాలు వెతకరు.

ఫోటోల్లో ముఖాలు ఊదాగా, పచ్చగా వచ్చాయి

రంగుల లైట్లు మనుషుల మీద పడితే ఇంతే. గోడకు వేసే ఊదా, నీలి లైట్లను గోడకే పరిమితం చేయమనండి. ముఖాల మీద తెలుపు లేదా లేత పసుపు వెలుతురే పడాలి. ఒక వైపు కిటికీలోంచి పగటి వెలుతురు, ఇంకో వైపు పసుపు బల్బులు ఉన్నా ముఖం సగం నీలంగా, సగం నారింజగా వస్తుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే అమరిక) సరిచేసినా ఒక సగమే బాగుపడుతుంది. ఫోటోలు తీసే చోట ఏదో ఒక వెలుతురే ఉంచండి.

చాలామంది తలెత్తి చూడరు గానీ, పగటి పెళ్లిలో టెంటు పైకప్పు రంగు అన్నిటికంటే ముఖ్యం. ఎర్ర గుడ్డలోంచి దిగే ఎండ కింద కూర్చున్న అందరూ ఎర్రబడతారు, మీరు నెలల తరబడి ఎంచిన పుదీనా ఆకుపచ్చతో సహా. నేను ఒక పెళ్లిలో నీలం టెంటు కింద తీసిన ఫోటోలు చూశాను. పెళ్లికొడుకు జ్వరంతో ఉన్నట్టున్నాడు. పైకప్పుకు తెలుపో మీగడో తప్ప ఇంకేదీ వద్దు.

స్టేజి మీద పెళ్లికూతురు కనబడటం లేదు

మెరూన్ బట్టలు, వెనక ముదురు ఆకుపచ్చ పరదా. రంగులు వేరే కదా, మరి ఎందుకు కలిసిపోయాయి? ఫోన్‌తో ఒక ఫోటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేయండి. రెండూ ఒకే బూడిద రంగులోకి మారితే కారణం దొరికినట్టే, రెండిటి ముదురుతనం ఒకటే. ఒకదాన్ని బాగా లేత చేయాలి, పరదానైతే సులువు. నా దృష్టిలో ఎంచుకున్న రంగులన్నిటికీ కలిపి ఇంతకంటే పనికొచ్చే పరీక్ష లేదు. 60 శాతం ఒక రంగు, 30 ఒకటి, 10 ఒకటి అనే ఇంటీరియర్ వాళ్ల సూత్రం కూడా మంచిదే గానీ టేపు పెట్టి కొలవకండి. హాల్లోకి అడుగుపెట్టగానే ఏ రంగు పెత్తనం కనిపిస్తుందో చెప్పగలిగితే చాలు. చెప్పలేకపోతే రంగులు ఎక్కువయ్యాయని అర్థం, ఒకటి తీసేయండి.

కార్డు, పూలు

కార్డు రంగు కంప్యూటర్‌లో ఉన్నంత నిండుగా రాదు. తెర వెలుతురుతో చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో అద్దుతుంది. మెరిసే నారింజ, ఊదా రంగులు ఆ సిరాలకు అందవు. బంగారు రంగు అసలే రాదు, ఆవపిండి రంగు వస్తుంది. బంగారం కావాలంటే ఫాయిల్ అడగండి. ఏదైనా, అసలు కాగితం మీదే ఒక ప్రూఫ్ తీయించుకోండి. ఫోన్ తెర విషయమూ ఇంతే, తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆన్‌లో ఉంచి రంగు ఖాయం చేసినవాళ్లను నేనెరుగుదును.

పూలు మనం చెప్పినట్టు పూయవు. నీలం గులాబీలంటే రంగు పట్టించినవే. ఒకే షేడ్ చెప్పకుండా, ఈ లేత నుంచి ఈ ముదురు దాకా ఏదైనా పర్వాలేదని చెప్పండి. ముందు పూలు ఖాయం చేసుకుని గుడ్డను వాటికి కలపడం సులువు, గుడ్డకు పూలను కలపడం కష్టం.

ఇంట్లో ఎవరికీ కుదరడం లేదు

చాలాసార్లు గొడవ రంగు గురించి ఉండదు, పేరు గురించి ఉంటుంది. నెమలికంఠం అంటే ఒకరికి నీలం, ఇంకొకరికి ఆకుపచ్చ. ఇద్దరూ ఒకటే అనుకుంటూ వారం రోజులు వాదించుకుంటారు. పేర్లు మానేసి గుడ్డ ముక్క చేతిలో పెట్టండి. అయినా ఒకాయన ఎరుపు, ఆకుపచ్చల దగ్గరే తడబడుతుంటే విసుక్కోకండి. ఆ తేడా తెలియకపోవడానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి అది మగవాళ్లలోనే ఎక్కువ. అలాంటివారికి రంగు కంటే లేత, ముదురు తేడా బాగా తెలుస్తుంది, అది చూసి చెప్పమనండి.

రేపు పెళ్లి, ఇవాళ తేడా కనిపించింది

టెన్షన్ పడి కొత్త గుడ్డ కోసం పరిగెత్తకండి. ముందు రంగుల లైట్లు ఆర్పించి, మామూలు లైట్లలో ఇంకోసారి చూడండి. సగం సార్లు తేడా అక్కడే పోతుంది. పోకపోతే టేబుల్‌క్లాత్‌లు, కుర్చీల రిబ్బన్లు తీయించి మీగడ రంగువి వేయించండి, గంటలో అయిపోయే పని. స్టేజి మీద గొడవపడుతున్న రెండు రంగుల మధ్య ఆకులు దట్టంగా కుక్కించండి. ఇక బట్టల జోలికి వెళ్లకండి, వాటి షేడ్ పరదాతో అచ్చంగా కలిసిందా అని ఎవరూ చూడరు.