పెళ్లి ఫొటోల్లో ఎక్స్‌పోజర్ లోపాలు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కల్యాణ మండపంలో కళ్లు జిగేలుమనిపించే వెలుగు కెమెరాకు మాత్రం ఏ మూలకూ చాలదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్‌తో, ఫ్లాష్ లేకుండా తీసేవారికి ఎదురయ్యే ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు మోతాదు) చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఏ సెట్టింగూ మార్చక ముందే, తీసిన ఫొటోను తెరపై పెద్దది చేసి, లోపం ఏ రకానికి చెందినదో తేల్చుకోవాలి.

సమస్య: మధుపర్కాలు తెల్లగా కాక బూడిద రంగులో వచ్చాయి

కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు తాను చూస్తున్నది తెల్లబట్టో నల్లకోటో తెలియదు. ఎదుటి దృశ్యమంతా సగటున ఒక మధ్యస్థ బూడిద రంగుకు సమానమని అనుకొని లెక్క కడుతుంది. కాబట్టి తెల్లని మధుపర్కాలో, వధూవరుల మధ్య పట్టిన తెల్లని అడ్డుతెరో ఫ్రేమును నింపినప్పుడు వెలుగు ఎక్కువైందని భావించి తగ్గిస్తుంది. రిసెప్షన్‌లో నల్లసూటును చూసి ఇందుకు విరుద్ధంగా పెంచుతుంది. మొదటి సందర్భంలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కను మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 వరకు పెంచి, రెండో సందర్భంలో కొంత తగ్గించి, నేత వివరాలు నిలిచాయో లేదో హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫ్) చూసుకోవాలి. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) స్థిరంగా ఉంచి, సెట్టింగులన్నీ మనమే పెట్టే మాన్యువల్ మోడ్‌లో తీస్తున్నప్పుడు మాత్రం కాంపెన్సేషన్ ఎంత తిప్పినా ఫొటోలో మార్పు రాదు.

వేదిక వెనుక ఎల్ఈడీ తెర వెలుగుతుండగా ముఖాలు నల్లబడటానికీ కారణం ఇదే. ఫ్రేములో చిన్న భాగాన్నే లెక్కలోకి తీసుకునే స్పాట్ మీటరింగ్‌తో ముఖం మీదే కొలవడం మేలు.

సమస్య: ఫొటో అలికినట్లు వచ్చింది

మండపం స్తంభాలను చూడండి. అవి కూడా చెదిరి ఉంటే చేయి వణికిందని అర్థం. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సైజు) సెన్సరు ఉన్న కెమెరాలో 55 మి.మీ. వద్ద సుమారు 1/80 సెకను కంటే నెమ్మదైన షటర్ స్పీడ్‌తో (షటర్ తెరిచి ఉండే సమయం), చేతి వణుకును సరిచేసే స్థిరీకరణ లేకుండా తీస్తే ఈ ప్రమాదం ఉంటుంది. స్తంభాలు స్పష్టంగా ఉండి తలంబ్రాలు, చేతులు మాత్రమే చెదిరితే కదిలింది మనుషులు. అక్కడ లెన్స్‌లోని స్థిరీకరణ ఎందుకూ కొరగాదు, షటర్ స్పీడ్ 1/250 సెకనుకైనా పెంచాలి. అయితే 1/60 నుంచి 1/250కి వెళ్లడమంటే రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగును, అంటే నాలుగింట మూడు వంతులను వదులుకోవడమే కనుక, ఐఎస్ఓను 800 నుంచి 3200కు తీసుకెళ్లక తప్పదు.

కిట్ లెన్స్‌తో ఇంకో చిక్కు ఉంది. 18 మి.మీ. వద్ద ఎఫ్/3.5గా ఉండే అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), 55కు జూమ్ చేసేసరికి ఎఫ్/5.6కు కుంచించుకుపోతుంది. జూమ్ చేయడం మాని రెండడుగులు ముందుకు వేయడం ఖర్చులేని మందు. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ ఎఫ్/5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుగునిస్తుంది గానీ, పూర్తిగా తెరిచి దగ్గరగా తీస్తే వధువు ముఖం స్పష్టంగా, కాస్త వెనకగా ఉన్న వరుడి ముఖం మసకగా రావచ్చు. ఇద్దరూ కావాలంటే ఎఫ్/2.8 లేదా ఎఫ్/4 సురక్షితం.

సమస్య: రవ్వలు రవ్వలుగా గ్రెయిన్ కనిపిస్తోంది

నేరం ఐఎస్ఓదేనని తేల్చేయడం తొందరపాటు. చాలాసార్లు ఐఎస్ఓకు భయపడి చీకటిగా తీసి, తరువాత కంప్యూటర్‌లో వెలుగు పెంచడమే అసలు కారణం. తీసేటప్పుడే తగినంత ఐఎస్ఓ పెట్టండి.

సమస్య: అడ్డంగా నల్లని చారలు పడ్డాయి

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. దానిపై నడిచే చవక రకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఎలక్ట్రానిక్ షటర్ వాడుతుంటే మెకానికల్ షటర్‌కు మారి, 1/50 లేదా 1/100 సెకను వద్ద తీస్తే చారలు సాధారణంగా పోతాయి. తలంబ్రాల వేగానికి ఇది చాలదు కాబట్టి, కెమెరాలో దీపాల మినుకును కనిపెట్టి దానికి తగ్గట్టు ఫొటో తీసే యాంటీ ఫ్లికర్ సదుపాయం ఉంటే అప్పుడు దాన్ని వాడుకోవాలి. వేదికపై ఎల్ఈడీ తెరల మినుకు వేగం వేరుగా ఉంటుంది. అక్కడ షటర్ స్పీడ్‌ను కొద్దికొద్దిగా మారుస్తూ, ముహూర్తానికి ముందే పరీక్షించుకోవాలి.