సంఘంలో గొడవ గురించి మాట్లాడ్డానికి పోయేముందు చూసుకోవాల్సినవి

మా చిత్తూరు వైపు చర్చి సంఘాల్లో బోధ గురించి కొట్లాటలు తక్కువ, క్రిస్మస్ చందా లెక్కలు, క్వయిర్‌లో మైకు ఎవరికి, ఇట్లాంటివే ఎక్కువ.

– ముందు ఒక్కరే పోండి. బైబిల్లో మత్తయి 18:15-17లో వరస క్లియర్‌గా ఉంది, మొదట మీరిద్దరే, వినకపోతే ఒకరిద్దర్ని తోడు తీసుకుని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మనోళ్లది రివర్సు, ముందు వాట్సాప్ గ్రూపు, తర్వాత పాస్టరమ్మ గారికి ఫోను, అసలు మనిషికి ఆఖర్న తెలుస్తుంది.

– "ప్రార్థన చేయండి సిస్టర్" అని మొదలుపెట్టి కథంతా చెప్పేయొద్దు, ప్రేయర్ పాయింట్ అని పేరు పెట్టినా అది చాడీనే కదా!

– ఆరాధన అయ్యాక గేటు దగ్గర పట్టుకోవద్దు, పిల్లల ముందు అసలొద్దు. ఫోన్ చేసి ఇంటికి పోండి, "వందనాలు బ్రదర్" అనడం మర్చిపోకండి, కోపంలో ముందు పోయేది అదే.

– ఒక్క విషయమే మాట్లాడండి. 1 కొరింథీ 13:5లో ప్రేమ అపకారాన్ని మనసులో ఉంచుకోదని ఉంది, మనమేమో మూడేళ్ల కిందటి పెళ్లి భోజనం కూడా తీస్తాం.

– డబ్బు గొడవైతే రసీదు బుక్కు చూసి పోండి. ప్రేమంటే లెక్క అడక్కపోవడం కాదు.

– కొట్టడం, పిల్లల మీద చెయ్యి వేయడం లాంటివైతే ఈ లిస్టు పక్కన పెట్టేయండి, అక్కడ రాజీ మాటల్లేవు, పిల్లల విషయమైతే 1098కి, ఆడవాళ్లదైతే 181కి, వెంటనే పోలీసులు కావాలంటే 112కి ఫోన్ చేయండి, సంఘం పరువు పోతుందని ఎవరన్నా ఆపినా ఆగొద్దు.