ఎపే కత్తి క్రీడ: తొలి అడుగులు

ఫెన్సింగ్ అనే కత్తి క్రీడలో ఒక రకమైన ఎపేలో తల నుంచి పాదం వరకు శరీరమంతా లక్ష్యమే కాబట్టి, కొత్తవారు పొడవడం కన్నా ముందు నిలబడటం నేర్చుకోవాలి. ముందు పాదం ప్రత్యర్థి వైపు, వెనుక పాదం దానికి అడ్డంగా, మడమలు ఒకే గీతలో, మోకాళ్లు వంచి ఉంచాలి. ఆడే బాట వెడల్పు 1.5 నుంచి 2 మీటర్లే గనుక, కోనసీమ వరి గట్ల మీద నడిచిన అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. అయితే నడకలో పాదాలు ఒకదాన్నొకటి దాటనివ్వకూడదు.

దాడిలో ముందు చేయి చాచి, ఆ తరువాతే అడుగు వేయాలి. తొందరపడితే ఎదుటి మొన మీ మణికట్టును అందుకుంటుంది. ఇద్దరి పోట్లూ సెకనులో 25వ వంతు లోపు తగిలితే ఇద్దరికీ పాయింటు దక్కుతుంది. మామిడి కొమ్మకు బంతి వేలాడదీసి గురి సాధన చేయవచ్చు గానీ, మాస్కు లేని మనిషి ఎదుట కత్తి ఎత్తరాదు.

డెల్టా ఉక్కపోతలో ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. కత్తిని చెమటతో తడిసిన గ్లౌజుతో కలిపి సంచిలో పెట్టకండి.